మా ముఠా ఆడవాళ్ళు మధ్యలో లేవరు

రేడియోలో వాతావరణం చెప్పేవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. వాళ్ళ తప్పేమీ లేదని తెలుసు. ఉన్నదున్నట్టే చెప్పారు. కానీ ఆ రోజు ఒకే గొంతుతో, ఊపిరి కూడా తిప్పుకోకుండా రెండు మాటలు చెప్పారు. కోస్తా జిల్లాల్లో వడగాడ్పులు తీవ్రంగా ఉంటాయి, మధ్యాహ్నం పూట ఎవరూ ఎండలోకి వెళ్ళొద్దు అన్నది మొదటి మాట. సాయంత్రానికి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఈదురుగాలులతో, ఉరుములు మెరుపులతో వాన పడే అవకాశం ఉంది అన్నది రెండో మాట. మొదటిది మనుషుల కోసం, రెండోది మిరపకాయల కోసం. మా కల్లంలో అందరికీ రెండోదే వినపడింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. నాకు ఇంకా ఇరవై నిండలేదు. ఒంగోలులో హాస్టల్లో ఉండి టీచర్ ట్రైనింగు చదువుతూ ఎండాకాలం సెలవులకి ఇంటికొచ్చాను. మా ఊరు చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్యలో ఉంటుంది. ఎటు చూసినా నల్లరేగడి నేల, పత్తి, మిరప. మా పాలెంలో అందరం ఆదివారం చర్చికి, తక్కిన ఆరు రోజులూ కూలికి వెళ్ళేవాళ్ళమే. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. మా అమ్మ పదిహేనుమంది ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి. చేలో మిరపకాయలు కోయడం, కల్లంలో ఆరబెట్టడం, తాలుకాయలు ఏరడం ఆ ముఠా పని. తాలుకాయ అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. అది ఎర్రకాయలో కలిస్తే సరుకు మొత్తానికి చెడ్డపేరు వస్తుంది కాబట్టి ఒక్కొక్క కాయా చేత్తో ఏరాలి.

ఆ ముఠాకి ఒక పేరుంది. "ఆమె మనుషులు పొద్దున కూర్చుంటే మధ్యలో లేవరు" అని చుట్టుపక్కల నాలుగూళ్ళ రైతులు చెప్పుకునేవాళ్ళు. వేరే ముఠాలకి పని దొరకని రోజుల్లో కూడా మాకు దొరికేది. మా అమ్మకి అదొక గర్వం. ఎందుకు లేవరో మాత్రం ఏ రైతూ ఏనాడూ అడగలేదు. నేను చెబుతాను. నీళ్ళు తాగరు కాబట్టి లేవరు.

కల్లమంటే ఊరి బయట రోడ్డు పక్కనుండే బోడి నేల. చాటుకి చిన్న గోడ కూడా ఉండదు. సర్కారు తుమ్మ కంప దాకా వెళ్ళాలంటే రెండు చేలు దాటాలి. దారి పొడుగునా ట్రాక్టర్లు, మగవాళ్ళు. దానికేం, కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చనుకోండి. అసలు బాధ చేతులతో. పొద్దున్నుంచీ మిరపకాయల్లో ఉన్న చేతులు. ఎంత ఆముదం రాసుకుని దిగినా, ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ కారం వదలదు. ఆ చేతులతో ఒంటికి వెళ్ళొస్తే ఇక ఆ పూటంతా కూర్చోలేం, నిలబడలేం, ఏమైందని అడిగితే చెప్పుకోలేం. అందుకని తెల్లారుజామున ఇంటి దగ్గర ఒక చెంబు తాగి బయల్దేరడం, మళ్ళీ పొద్దుగూకి ఇంటికెళ్ళాక తాగడం. మధ్యలో నాలుక పిడచగట్టుకుపోతే కాసిని నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయడం. మా అమ్మమ్మ కాలం నుంచీ అంతే.

నేను హాస్టల్లో గోడలకీ కుళాయిలకీ అలవాటు పడి వచ్చాను. పనిలోకి దిగిన మొదటిరోజు దాహమేసి రెండు చెంబులు తాగేశాను. తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు. తుమ్మకంప దగ్గర్నుంచి కుంటుకుంటూ వస్తుంటే మా అమ్మ చూసి, "ఏమే టీచరమ్మా, ఇంకో చెంబు తెమ్మంటావా?" అంది. పద్నాలుగు మందీ పగలబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "నవ్వండి నవ్వండి" అని గొణుక్కుంటూ కూర్చున్నాను. రెండోరోజు నుంచి నేనూ నీళ్ళ జోలికి పోలేదు. ట్రైనింగులో మాస్టారు చెప్పిన ఆరోగ్య పాఠాలన్నీ ఏ గంగలో కలిశాయో.

ఆ రోజు పదింటికే వడగాలి మొదలైంది. గాలి వీస్తే ప్రాణం లేచిరావాలి గదా, ఆ గాలి తగిలితే కళ్ళల్లో మంటలు పుట్టాయి. మేమేమో చీరల మీద మగవాళ్ళ పాత ఫుల్‌చొక్కాలు తొడుక్కుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని, తలకీ ముక్కుకీ కలిపి తువ్వాళ్ళు చుట్టుకుని ఉన్నాం. కారం ఒంటికి అంటకుండా అందరం అలాగే తయారవుతాం. లోపల ఎవరు మాడిపోతున్నారో బయటికి తెలియదు, కళ్ళు తప్ప ఏమీ కనపడవు. కల్లం నిండా కాయ ఎండి గలగలలాడుతోంది. ఆఖరి కోత కాయ అది.

ఆ కల్లం రైతు పెద్దాయన. ఉన్న నాలుగెకరాల్లోనూ మిరపే వేశాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి. మా కోసమని రేకుల షెడ్డు నీడలో డ్రమ్ము నిండా నీళ్ళు పెట్టించేవాడు. సాయంత్రానికి ఆ డ్రమ్ము అలాగే ఉండేది. మాకు దాహమే వెయ్యదనుకున్నాడో ఏమో మరి.

మధ్యాహ్నం సద్దులు తినేటప్పుడు షెడ్డు గుంజకి తగిలించిన ఆయన రేడియోలో ఆ రెండు మాటలూ వచ్చాయి. ఆయన తింటున్న గిన్నె పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. పడమటి వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. అక్కడేమీ లేదు, తెల్లగా కాలిపోతున్న ఆకాశం తప్ప.

"మేస్త్రమ్మా, విన్నావుగా. సాయంత్రానికి వానంట" అన్నాడు.

"విన్నా బాబుగారూ" అంది మా అమ్మ.

"కాయంతా బస్తాలకెత్తాల్సిందే. ఒక్క జల్లు పడ్డా మచ్చ తిరిగిపోద్ది."

మామూలుగా బస్తాలకెత్తే పని తెల్లారుజామున చేస్తారు. మంచుకి కాయ మెత్తబడి ఉంటుంది కాబట్టి బస్తాలో వేసి తొక్కినా విరగదు. మిట్టమధ్యాహ్నం ఎత్తితే ముట్టుకుంటే చాలు, పొడైపోయి గింజలు రాలతాయి. ఆ దుమ్ము పీల్చలేక మనుషులు దగ్గి దగ్గి చస్తారు. అలాంటప్పుడు చేసే ఉపాయం ఒకటే. కాయ మీద నీళ్ళు చిలకరించి కాస్త మెత్తబడ్డాక ఎత్తాలి.

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. "ఎండలోకి వెళ్ళొద్దని కూడా చెప్పారుగా, అది వినపడలేదా ఎవరికీ?" అన్నాను.

రైతు నొచ్చుకున్నాడు. "నిజమే అమ్మాయ్. కాసేపాగి, కొంచెం చల్లబడ్డాక మొదలెడదాంలే" అన్నాడు.

ఆయన ఆగుదామన్నాడు. ఇది నేను మరిచిపోలేను. ఆగనన్నది మా అమ్మ.

"చల్లబడిందాకా కూర్చుంటే వానే వస్తది బాబుగారూ. రేడియోలో కూర్చుని చెప్పేవాళ్ళకేం, వాళ్ళ కాయ తడుస్తదా? లెగండే, లెగండి!" అంటూ చేతులు దులుపుకుని లేచింది.

"నీకెందుకమ్మా అంత తాపత్రయం? ఆయనే ఆగుదామంటుంటే!"

"ఈ కాయ కోసిందెవరు? ఏరిందెవరు? చూస్తా చూస్తా వాన పాలు చెయ్యమంటావా? నోరు మూసుకుని బస్తా పట్టుకో. నాలుగు అక్షరాలు వచ్చినయ్యని నాకే చెప్పొచ్చిందండీ!"

అందరి ముందూ అలా అనేసరికి నాకు తలకొట్టేసినట్టయింది. ఇక ఈవిడతో మాట్లాడితే ఒట్టు అనుకున్నాను. తువ్వాలు కళ్ళ దాకా లాక్కుని వెళ్ళి బస్తా పట్టుకున్నాను. ఆ అలకే నన్ను గుడ్డిదాన్ని చేసింది.

బస్తా మూతి ఒక పక్క నేను, ఇంకో పక్క మా చిన్నమ్మ పట్టుకున్నాం. చిన్నమ్మ అంటే మా అమ్మ సొంత చెల్లెలు. తక్కినవాళ్ళు తట్టలతో ఎత్తి పోస్తుంటే ఇద్దరు మగవాళ్ళు బస్తాల్లో దిగి తొక్కుతున్నారు. మా అమ్మ నీళ్ళ పని పెట్టుకుంది. డ్రమ్ములో బకెట్టు ముంచడం, కాయ మీద చేత్తో చిలకరించుకుంటూ రావడం, మళ్ళీ పరుగెత్తడం. పదకొండింటికే కరెంటు పోయింది, బోరు మోటారు ఆడదు. ఉన్న నీళ్ళు ఆ డ్రమ్ములోవే. తాగడానికి పెట్టించిన ఆ నీళ్ళన్నీ మా అమ్మ చేతుల మీదుగా కాయ మీదికి పోయాయి. ఆమె గొంతులోకి ఒక్క చుక్క పోలేదు.

మూడింటి వేళ పడమట నల్లమల వైపు నల్లటి గీత కనపడింది. కాసేపటికి అది లావెక్కింది. దూరంగా ఉరుము వినపడగానే అందరి చేతులూ వేగం పుంజుకున్నాయి. "ప్రభువా, ఒక్క గంట ఆపయ్యా" అంటోంది చిన్నమ్మ, బస్తా కుదేస్తూ. సగం కాయ బస్తాలకెక్కింది. సగం ఇంకా కల్లంలోనే ఉంది. దాన్ని కుప్పలుగా చేసి పట్టాలు కప్పడం మొదలుపెట్టారు.

అప్పుడు గమనించాను, మా అమ్మ కేకలు వినపడడం లేదని. మా అమ్మ పని చేయిస్తుంటే రెండు చేల అవతలికి వినపడుతుంది. అలాంటిది ఒక్క మాట లేదు. నా మీద కోపమనుకున్నాను. ఉంటే ఉండనీ, నాకు లేదా అనుకున్నాను. ఇంతలో ఆమే బకెట్టు పట్టుకుని మా వైపు వచ్చింది. నడక తేడాగా ఉంది, కాళ్ళు ఎడంగా వేస్తోంది. మా ముందున్న కాయ మీద చెయ్యి విదిలించింది. నీళ్ళు పడలేదు. మళ్ళీ బకెట్టులో ముంచి విదిలించింది. పడలేదు. బకెట్టు ఖాళీగా ఉంది. ఖాళీ బకెట్టులో చెయ్యి ముంచి ఖాళీ చెయ్యి విదిలిస్తోంది.

నన్ను నవ్వించి మాట్లాడించాలని చూస్తోందేమో అనుకున్నాను. సిగ్గులేదు చెప్పడానికి, నిజంగా అలాగే అనుకున్నాను. నేను నవ్వలేదు. ఆమె నా వైపు తేరిపార చూసి, "ఎవరమ్మా నువ్వు? ముఠాలోకి కొత్తగా వచ్చావా?" అని అడిగింది.

"ఆఁ, కొత్తగానే వచ్చాను" అన్నాను, పెడసరంగా.

"మజ్జలో లెగవకూడదమ్మా మరి" అంది, ఎంతో మర్యాదగా. అని, అలాగే కాయ మీదికి బోర్లా పడిపోయింది.

 బస్తా వదిలేసి ఒక్క దూకున వెళ్ళి ఆమెను వెల్లకిలా తిప్పాను. తువ్వాలు లాగేశాను. ముఖం కందిపోయి ఉంది. చెయ్యి పట్టుకుంటే పెనం పట్టుకున్నట్టుంది. మెడ కింద తడిమాను, చంకలో తడిమాను. ఎక్కడా చెమట లేదు. ట్రైనింగులో ప్రథమ చికిత్స పాఠం ఒక్క గంట చెప్పారు మాకు, సగంమందిమి కునికిపాట్లు పడుతూ విన్నాం. చెమట పట్టడం ఆగిపోయి మనిషి తేడాగా మాట్లాడితే అది వడదెబ్బ, క్షణాల మీద ఒళ్ళు చల్లబరచకపోతే మనిషి దక్కదు అన్న మాట ఒక్కటి ఎక్కడినుంచో లేచి వచ్చింది. మా అమ్మ నన్ను నిజంగానే గుర్తుపట్టలేదని అప్పుడు అర్థమైంది.

"నీళ్ళు! నీళ్ళు తీసుకురండి!" అని అరిచాను.

డ్రమ్ము వంచితే అడుగున ఒక చెంబుడు వచ్చాయి. చిన్నమ్మ పరుగున వచ్చి ఆ చెంబుడూ అమ్మ మెడ మీద, గుండెల మీద గుమ్మరించింది. అంతే, స్పృహలేని మనిషి కెవ్వున కేకేసి మెలికలు తిరిగిపోయింది. చొక్కా నిండా మధ్యాహ్నం నుంచీ పట్టిన కారపు దుమ్ము. నీళ్ళు పడేసరికి అదంతా కరిగి ఒంట్లోకి దిగింది. చేతులారా మేమే ఆమె ఒంటికి కారం పూసినట్టయింది. చిన్నమ్మ చెంబు పారేసి తల బాదుకుంది. నేను చొక్కా గుండీల మీద చెయ్యి వేశాను.

"ఏందే నువ్వు చేసేది? మగాళ్ళున్నారు!" అని నా చెయ్యి పట్టుకుంది చిన్నమ్మ.

"ఉండనీ! ఇవి తీయకపోతే చచ్చిపోద్ది!"

రైతు పరుగెత్తుకొచ్చాడు. ఒక మనిషిని నీళ్ళ కోసం ఊళ్ళోకి తరిమాడు. ఊరు అరమైలు దూరం. అప్పటికి మబ్బు సగం ఆకాశం ఆక్రమించింది. మెరుపులు తీగలు తీగలుగా కనపడుతున్నాయి. "షెడ్డులోకి మోయండమ్మా, పిడుగులు పడతాయి, బయట ఉండొద్దు" అన్నాడు ఆయన. ఆ షెడ్డు రేకులు పొద్దున్నుంచీ ఎండలో కాగి ఉన్నాయి, లోపల కప్పు దాకా మిరపకాయ బస్తాలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే అందులో ఊపిరాడదు. అక్కడ పెడితే నిమిషాల్లో పోతుంది. బయట పెడితే పిడుగు.

"నేను తీసుకురాను" అన్నాను.

"పిచ్చి పట్టిందా అమ్మాయ్?"

"ఆఁ, పట్టింది!"

మధ్యాహ్నం నుంచీ అంతమందీ వాన రాకూడదని దేవుణ్ణి అడుగుతున్నారు. నేను ఆ కాయల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "ప్రభువా, రానీ! ఇప్పుడే రానీ! ఈ కాయంతా కొట్టుకుపోయినా సరే, రానీ!" అని ఏడ్చాను. మనసులో కాదు, పైకే. రైతు నా పక్కనే నిలబడి ఉన్నాడు. విన్నాడు.

ముందు గాలి వచ్చింది. రోడ్డు మీద దుమ్ము లేచి కళ్ళల్లో కొట్టింది. కుప్పల మీద పట్టాలు లేచిపోతుంటే ఆడవాళ్ళు వాటి మీద పడుకుని పట్టుకున్నారు. ఉరుము మీద ఉరుము. మెరుపుకీ ఉరుముకీ మధ్య ఎడం తగ్గిపోతోంది. కానీ చినుకు లేదు. ఎంతసేపో తెలియదు, అలా ఉత్త గాలీ ఉత్త మెరుపులే. అమ్మ కళ్ళు పైకి తేలిపోతున్నాయి, చేతులు కొట్టుకుంటున్నాయి. నేను నా చీర కొంగు చొక్కాలోంచి బయటికి లాగి దాంతో విసురుతున్నాను, ఆ కొంగులోంచి కూడా వేడిగాలే. ఇంతకు ముందు నేను పెడసరంగా చెప్పిన జవాబే ఆమె విన్న నా ఆఖరి మాట అవుతుందేమో అనుకుంటూ ఇంకా గట్టిగా విసిరాను.

మొదటి చినుకు నా మోచేతి మీద పడింది. ఇంత లావు చినుకు. తర్వాత దబదబా అందుకుంది. నేను చేతులు రెండూ మట్టిలో రుద్దుకుని, ఆ నీళ్ళతో కడుక్కుని, అమ్మ చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాను. అది చూసి చిన్నమ్మ లేచి నిలబడి కుప్పల వైపు కేకేసింది.

"ఒసే! ఆ పట్టా ఇట్టా తీసుకురండే! నిలువుగా పట్టుకోండి!"

బస్తాలకెక్కని ఆఖరి కుప్ప మీద పట్టా అది. దాని మీద పడుకున్న అయిదుగురు ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లేచారు. పట్టా లాగేశారు. ఎర్రటి కుప్ప వానలోకి బయటపడింది.

"ఆ పట్టా..." అని నోరు తెరిచాడు రైతు. అంతటితో ఆగిపోయాడు. ఒక్క నిమిషం కుప్పని చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి మగవాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. "ఏరా, ఏం చూస్తన్నారు? అటు తిరగండి! ట్రాక్టరు తీయండ్రా!"

ఆడవాళ్ళు మా చుట్టూ పట్టాని గోడలా నిలబెట్టి పట్టుకున్నారు. వాన ఆపడానికి కాదు, పై నుంచి వానంతా మా మీదే పడుతోంది. కళ్ళు ఆపడానికి. ఆ గోడ మధ్యలో నేనూ చిన్నమ్మా కలిసి అమ్మ చొక్కా తీసేశాం, చీర తీసేశాం, ఒంటినిండా వాన పడనిచ్చాం. కారం కడిగాం. చేతులూ కాళ్ళూ రుద్దాం. గాలికి పట్టా వాళ్ళ చేతుల్లోంచి ఊడిపోతుంటే నడుముకి చుట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ చొక్కాల్లోని కారం కూడా తడిసి ఒంట్లోకి దిగుతోంది. మంటకి ఒకరు మూలుగుతున్నారు, ఇంకొకరు పళ్ళు బిగబట్టి యేసయ్యా యేసయ్యా అంటున్నారు. చేను గట్టు మీద తాడిచెట్టు మీద పిడుగు పడింది. కళ్ళు బైర్లు కమ్మాయి, చెవులు గింగురుమన్నాయి, అందరం ఒక్కసారి అరిచాం. పట్టా మాత్రం ఎవరూ వదల్లేదు.

కాసేపటికి అమ్మ వణకడం మొదలుపెట్టింది. ఒళ్ళు ముట్టుకుంటే మునుపటంత కాలడం లేదు. పొడిచీర దొరక్క ఆమెను ఆ పట్టాలోనే చుట్టి ట్రాక్టరు ఎక్కించాం. ముందు దగ్గరి ఊళ్ళో డాక్టరు దగ్గర సెలైన్ పెట్టించి, అక్కణ్ణుంచి జీపులో గుంటూరు తీసుకెళ్ళాం. రైతు కూడా డ్రైవరు పక్కన కూర్చుని మాతో వచ్చాడు. 

ఆసుపత్రిలో చూసిన లేడీ డాక్టరు నాకంటే ఆరేడేళ్ళు పెద్దదేమో. "వానలో పెట్టి మంచిపని చేశారు, మెదడు దక్కింది" అంది. నేను ఊపిరి పీల్చుకునే లోపలే, "కానీ ఒంట్లో నీళ్ళు బొత్తిగా లేవు. కిడ్నీలు దెబ్బతిన్నాయేమోనని అనుమానం. మూత్రం వస్తే బయటపడ్డట్టే. రేపటికి కూడా రాకపోతే కష్టం" అంది. అమ్మకి గొట్టం వేసి మంచం కింద ఒక సంచీ తగిలించారు. "ఆఖరిసారి ఎప్పుడు వెళ్ళింది?" అని అడిగింది.

"తెల్లారుజామున."

"మధ్యలో వెళ్ళలేదా? నీళ్ళు దొరకలేదా?"

ఆ మాట బయటికి చెప్పడం మాకు అలవాటు లేదు. తల దించుకున్నాను. తర్వాత ఎందుకో తెలియదు, కోపం ముంచుకొచ్చింది. కల్లం, తుమ్మకంప, కారం చేతులు, మా ముఠాకున్న గొప్ప పేరు, అన్నీ చెప్పేశాను. రైతు గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఆయన వినాలనే గట్టిగా చెప్పాను. ఆయన వసారాలోకి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు.

రాత్రంతా ఆ సంచీ ఖాళీగా ఉంది. సెలైన్ సీసాలు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కుతున్నాయి, కిందికి మాత్రం ఏమీ దిగడం లేదు. తెల్లారేసరికి అమ్మకి తెలివి వచ్చింది. నన్ను చూసి నా పేరు పెట్టి పిలిచింది. నేను ఏడుస్తుంటే, "కాయ తడిసిందా?" అని అడిగింది.

"తడిసింది. నేనే తడవమన్నాను" అన్నాను.

ఆమె నన్ను కాసేపు చూసి కళ్ళు మూసుకుంది. సంచీలో ఇంకా ఏమీ లేదు. తొమ్మిదయింది. పదయింది. డాక్టరు వచ్చి వంగి చూసి, నర్సుతో ఏదో గొంతు తగ్గించి మాట్లాడి వెళ్ళింది. మనిషి మాట్లాడుతోంది, నవ్వుతోంది, అయినా లోపల చచ్చిపోతోందేమో అన్న ఆలోచన భరించలేకపోయాను. చిన్నమ్మ మంచం కోడు పట్టుకుని ప్రార్థన చేస్తోంది. నేను నేల మీద బాసింపట్టు వేసుకుని ఆ సంచీ మీదనుంచి చూపు తిప్పకుండా కూర్చున్నాను.

మధ్యాహ్నం అన్నాల వేళ గొట్టంలో ఏదో కదిలినట్టనిపించింది. నా కళ్ళు మోసం చేస్తున్నాయనుకున్నాను. టీ డికాషన్ రంగులో సన్నటి గీత గొట్టం వెంబడి మెల్లగా జారి సంచీ అడుగున చుక్కయింది. వెనకాలే ఇంకో చుక్క. ఆ తర్వాత ఆగకుండా ధార.

నేను లేచిన ఊపుకి పక్కనున్న స్టూలు బోర్లాపడింది. "పోసింది! చిన్నమ్మా, అమ్మ ఒంటికి పోసింది! నర్సమ్మా, మా అమ్మ పోసిందండీ!" అని అరిచాను. వార్డంతా తిరిగి చూసింది. అన్నం తింటున్నవాళ్ళు ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయారు. వసారాలోంచి రైతు లేచొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

మా అమ్మ ముఖం ఎర్రబడిపోయింది. దుప్పటి నెత్తి మీదికి లాక్కుంటూ, "ఛీ, నోరు మూసుకోవే! టముకు వెయ్యి ఇంక ఊరంతా!" అంది.

నేను ఇంకా గట్టిగా అరిచాను.